భయం లేదని చెప్పినన్నాళ్లూ

సైన్యంలో పనిచేసి పెన్షన్‌తో ఊరికి తిరిగొచ్చినవాడికి మా దివిసీమలో ఒక మర్యాద ఉంటుంది. నలుగురు కూర్చున్న చోటికి వెళ్తే కుర్చీ వేస్తారు. పిల్లలు మాట వినకపోతే ‘మిలటరీ మావయ్యకి చెప్తానుండు’ అంటారు. ఆ మర్యాద ఎక్కడ పోతుందోనని చాలా ఏళ్లు అబద్ధాలాడాను. నాకు భయమంటే తెలియదన్నాను. పడుకోగానే నిద్ర పడుతుందన్నాను. శ్రీలంక ఊసు ఎవరైనా ఎత్తితే ‘ఏముందిలే, వెళ్లాం, వచ్చాం’ అనేసి లేచిపోయాను. అదంతా నిబ్బరం అనుకున్నాను. నిబ్బరం కాదు, మూర్ఖత్వం. ఆ మూర్ఖత్వం ఫలితం నేనొక్కణ్ణే అనుభవించి ఉంటే ఈ నాలుగు ముక్కలూ రాసేవాణ్ణి కాదు. మా ఆవిడ అనుభవించింది. నా కూతురు అనుభవించింది. మా పెద్దమ్మ అనుభవించి పోయింది.

మాది కోడూరు మండలంలో, హంసలదీవికి దగ్గర్లో ఒక చిన్న పల్లె. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. 1977 నవంబరు 19, శనివారం ఉప్పెన వచ్చేటప్పటికి నాకు పదేళ్లు. ఐదారు మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ల మీదకి వచ్చింది. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వం లెక్కలోనే చనిపోయినవాళ్లు పదివేలు దాటారు. మా అమ్మ నన్నూ చెల్లెల్నీ రెక్క పట్టి ఈడ్చుకుంటూ వేణుగోపాలస్వామి గుడిలోకి చేర్చింది కాబట్టి మేం మిగిలాం.

నీళ్లు తీశాక జవాన్లు వచ్చారు. ముక్కులకు గుడ్డలు కట్టుకుని, తుమ్మకంపల్లో చిక్కుకున్న శవాలను ఒక్కొక్కటే విడదీసి మోసుకెళ్లడం నేను కళ్లారా చూశాను. ఊరంతా గుండెలు బాదుకుంటుంటే వాళ్లు ఏడవలేదు. మగాడంటే ఇలా ఉండాలి అనుకున్నాను. సైన్యంలో చేరాలనే కోరిక నాకు ఆ రోజు పుట్టింది. ఆ జవాన్లు రాత్రి డేరాల్లోకి వెళ్లి ఎలా పడుకున్నారో నేను చూడలేదు. పదేళ్ల పిల్లవాడికి ఆ ఆలోచన రాదు. ముప్పై నిండినా, నలభై వచ్చినా రాకపోవడం మాత్రం నా లోపమే.

మద్రాస్ రెజిమెంటులో చేరాను. నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్. అక్కడ తెలుగువాళ్లం, తమిళులం, మలయాళీలం, కన్నడిగులం ఒకే కంచంలో తిన్నట్టు బతికాం. 1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. శాంతిని నిలబెట్టడానికని వెళ్లిన మన సైన్యం అక్టోబరుకల్లా ఎల్‌టీటీఈ టైగర్లతో యుద్ధంలో ఉంది. 1990 మార్చి 24న ఆఖరి దళం ఓడ ఎక్కేసరికి మనవాళ్లు సుమారు 1,200 మంది ఆ దీవిలో ప్రాణాలు వదిలారు. తిరిగొచ్చినవాళ్లకు దండలూ ఊరేగింపులూ పెద్దగా లేవు. ఎందుకు వెళ్లారో, ఎవరితో పోరాడారో దేశానికే స్పష్టంగా తెలియని యుద్ధం గురించి ఇంట్లో మాత్రం ఏమని చెబుతాం?

నేను వెళ్లింది 1988లో, జాఫ్నాకి. మా పనుల్లో ఒకటి, బండ్లు కదలకముందే తెల్లవారుజామున రోడ్డు మీద నడిచి మందుపాతరలు ఉన్నాయేమో చూడటం. ముందొక బారు, వెనకొక బారు. కళ్లు నేల మీదే ఉండాలి. కొత్తగా తవ్విన మట్టి, ఎండిన కొమ్మ కింద కనబడే తీగ, దారి మధ్యలో అనవసరంగా పడి ఉన్న కొబ్బరి డొక్క, దేన్నీ నమ్మకూడదు. ఒక ఉదయం ఒకచోట మట్టి కాస్త రంగు తేడాగా ఉంది. నేను చూశాను. ఎడ్లబండి చక్రం దిగిన గుంట అనుకుని పక్కనుంచి దాటాను. నా వెనక వస్తున్నవాడు శ్రీకాకుళం జిల్లా కుర్రాడు. నాకంటే రెండేళ్లు చిన్న. నన్ను ‘అన్నా’ అని పిలిచేవాడు. అతను దాటలేదు.

ఇంతకు మించి ఇక్కడ రాయను. చెప్పవలసిన చోట అంతా చెప్పాను, ఆ సంగతి తర్వాత.

జాఫ్నా నిండా తాటిచెట్లు. ఎటు చూసినా తాటితోపులు, తాటాకు దడులు, దూరాన ఉప్పునీళ్లు. మా దివిసీమా అదే. యుద్ధం నుంచి వచ్చినవాడికి ఇల్లు ఇల్లులాగా, యుద్ధభూమి వేరేలాగా కనబడాలి. నాకు రెండూ ఒకటే అయిపోయాయి. కోడూరు బస్సు దిగి తాటితోపు పక్కనుంచి నడుస్తుంటే, గాలికి మట్టలు ఒకదానికొకటి రాసుకుని చప్పుడైతే, లేని తుపాకీ కోసం నా చెయ్యి భుజం మీదకి పోయేది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడమే కాదు, ఆ చప్పుడు వినకుండా ఉండటానికి బతుకంతా దాని చుట్టూ కట్టుకున్నాను.

రోడ్డుకు మరమ్మతు చేసి కొత్తగా మట్టి పోస్తే దాని మీద కాలు పెట్టేవాణ్ణి కాదు. పొలం గట్టు మీదుగా చుట్టూ తిరిగి పోయేవాణ్ణి. ఎవరైనా అడిగితే చేను చూసుకుంటూ వెళ్తున్నానని చెప్పేవాణ్ణి. దీపావళికి ఏదో ఒక పని పెట్టుకుని ఊరు వదిలేవాణ్ణి. హోటల్లో గోడకు వీపు ఆనించి, గుమ్మం కనబడేలా చోటు దొరికితేనే కూర్చునేవాణ్ణి. మాఘ పౌర్ణమికి స్వామి కల్యాణానికి, సాగర సంగమంలో స్నానాలకు లక్షల జనం మా ఊళ్ల మీదుగా పోతారు. చుట్టాలంతా మా ఇంటికే వస్తారు. ఆ రోజున నేను చేలో ఉన్న పాకలో కూర్చునేవాణ్ణి. ‘మిలటరీ ఆయనకి ఏకాంతం ఇష్టం’ అని మా ఆవిడ సర్దిచెప్పేది.

ఇంట్లో ప్రెషర్ కుక్కర్ ఉండేది. పెళ్లిలో మా ఆవిడ అన్నయ్య ఇచ్చింది. ఒకరోజు అది ఈల వేసినప్పుడు నేను భోజనం చేస్తున్న పీట మీద నుంచి లేచి, కంచం తన్నుకుంటూ వెళ్లి గోడ మూల నక్కాను. నక్కినందుకు సిగ్గేస్తే ఏం చెయ్యాలి? కోపం తెచ్చుకున్నాను. ‘బుద్ధుందా లేదా, మనిషి తింటుంటే ఆ రొదేంటి’ అని అరిచాను. ఆమె ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం కుక్కర్ కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి పొయ్యి మీద ఎసరు పెట్టి, గంజి వార్చి అన్నం వండింది. ఆవిరికి ఆమె చేతి మీద బొబ్బలు లేచేవి. నేను చూసేవాణ్ణి. చూసి, ‘గంజి వార్చిన అన్నమే ఒంటికి మంచిది’ అనేవాణ్ణి.

రాత్రుళ్లు నిద్రలో నేను అరిచేవాణ్ణట. ఆమె నన్ను చేత్తో తట్టి లేపడం మానేసి, గుమ్మం దగ్గర నిలబడి ‘ఏవండీ, ఇంటి దగ్గరే ఉన్నారండీ, ఇంటి దగ్గరే’ అని పిలిచేది. కారణం నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నిద్ర కోసం క్యాంటీన్ రమ్ము మొదలుపెట్టాను. మొదట రెండు పెగ్గులకి నిద్ర పట్టేది. తర్వాత నాలుగింటికీ పట్టేది కాదు. మందుతో వచ్చేది నిద్ర కాదనీ, అది సగం రాత్రికి దిగిపోయి పీడకలల్ని ఇంకా ముదరబెడుతుందనీ డాక్టరు చాలా ఆలస్యంగా చెప్పారు. ఆలస్యం ఆయనది కాదు, నాదే. సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు మెడికల్ బోర్డు ముందు కూర్చోబెట్టి ఏమైనా ఇబ్బంది ఉందా అని అడిగారు. ‘ఏం లేదు సాబ్, షేప్ వన్’ అని ఛాతీ విరుచుకుని చెప్పాను. జవాను ఆరోగ్యాన్ని ఐదు భాగాలుగా చూసి వేసే ఆ గ్రేడులో మొట్టమొదటి అక్షరం మనసుదే. చెవులు, కాళ్లుచేతులు, ఒళ్లు, కళ్లు దాని తర్వాతే. సైన్యమే మనసుని ముందు పెట్టింది. నేను దాన్నే దాచాను.

ఇప్పుడు పెద్దమ్మ సంగతి చెప్పాలి. ఇది రాయడం నాకు అన్నిటికంటే కష్టం.

మా అమ్మ అక్కని పాలకాయతిప్ప వైపు ఇచ్చారు. ఉప్పెన రోజు ఆవిడ ఇద్దరు పిల్లల్ని చీరకొంగుతో తనకి కట్టుకుని, తాటిచెట్టుని వాటేసుకుని రాత్రంతా ఉంది. తెల్లారేసరికి చెట్టు ఉంది, ఆవిడ ఉంది. తర్వాత మా ఇంట్లోనే ఉండిపోయింది. మామూలు రోజుల్లో అందరిలాగే వంట చేసేది, పిడకలు కొట్టేది, నా చెల్లెలికి జడలు వేసేది. కార్తీకం వచ్చి తూర్పుగాలి తిరిగిందంటే మాత్రం చీరకొంగు తీసి వసారా గుంజకి కట్టుకుని కూర్చునేది. గాలి తగ్గేదాకా విప్పేది కాదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు, దర్గాకి తీసుకెళ్లారు, కోడిని దిగదీశారు. సెలవులో వచ్చినప్పుడల్లా నేను విసుక్కునేవాణ్ణి. ‘ఎన్నేళ్లయింది పెద్దమ్మా, ఇంకా ఈ పిచ్చి వేషాలేంటి’ అన్నాను, ఒకసారి కాదు.

2004 డిసెంబరు 26 మార్గశిర పౌర్ణమి. సునామీ మన తీరానికీ తగిలింది. మచిలీపట్నం దగ్గర మంగినపూడిలో స్నానాలకు వెళ్లినవాళ్లు చనిపోయారు. సముద్రం పొంగుతోందని మా ఊళ్లో కేకలు వేసుకుంటూ జనం కోడూరు వైపు పరుగు పెట్టారు. అందర్నీ ట్రాక్టర్లు ఎక్కించే పని నేను నెత్తిన వేసుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే పెద్దమ్మ గుంజకి కొంగు కట్టుకుని కూర్చుంది. లే అన్నాను. లేవలేదు. వీధిలో జనం చూస్తున్నారు. మిలటరీ వాడి ఇంట్లో మనిషి ఇలా ఉందని అనుకుంటారేమోనని నాకు ఒళ్లు మండింది. ముడి విప్పబోతే బిగుసుకుంది, చీర చింపేశాను. రెక్క పట్టుకుని ట్రాక్టర్ దాకా లాక్కెళ్లాను. దారిలో ఆవిడ ఒక్క మాటే అంది. ‘ఆ రోజు ముడి వదులైందిరా నాయనా.’

పాతికేళ్ల పైబడి ఆవిడ మోస్తున్నది ఆ ముడిని. పిల్లల్ని కట్టిన ముడి సరిగ్గా వేయలేదేమోనని. నేను రంగు మారిన మట్టిని చూసి దాటి వచ్చినవాణ్ణి. ఆ మాట వినవలసినవాడు, ఆ మాట అర్థమవవలసినవాడు ఊరి మొత్తం మీద ఎవరైనా ఉంటే అది నేనే. ‘అవన్నీ తర్వాత, ముందు ఎక్కు’ అన్నాను. సముద్రం మా ఊరి దాకా రాలేదు. మర్నాడు పెద్దమ్మ చిరిగిన కొంగుకి కుట్టు వేసుకుంది. ఆ పైఏడాది ఆవిడ పోయింది. నేను క్షమాపణ అడగలేదు, అడగాలని కూడా అప్పటికి తెలియదు.

ఆ తర్వాత నా కూతురు. ఏడేళ్ల పిల్ల. మధ్యాహ్నం పడుకుని ఉంటే ‘నాన్నా, టీ’ అని వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. వాళ్లమ్మ ఎన్నోసార్లు చెప్పిందట, నాన్నని ముట్టుకుని లేపకు అని. పిల్ల మర్చిపోయింది. నాకు తెలివొచ్చేసరికి దాని చెయ్యి నా చేతిలో మెలితిరిగి ఉంది, పిల్ల గోడ దగ్గర పడి ఉంది. మోచెయ్యి విరిగింది. ఆసుపత్రిలో మెట్ల మీంచి పడిందని చెప్పాను. అంతటితో ఆగలేదు. ‘ఎవరైనా అడిగితే మెట్ల మీంచి పడ్డానని చెప్పమ్మా’ అని పిల్లకి నేర్పాను. అది తలూపింది. డాక్టరు అడిగితే అలాగే చెప్పింది. నా జన్మలో నేను చేసిన పనుల్లో నీచమైనది అదే. చెయ్యి విరగ్గొట్టడం నా వశంలో లేని పని. అబద్ధం నేర్పడం పూర్తి తెలివితో చేశాను.

అప్పుడైనా వెళ్లి ఉండాల్సింది. మాజీ సైనికుల వైద్యం కోసం 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ కార్డు బీరువాలోనే ఉంది. షుగర్‌కీ కీళ్లనొప్పులకీ ఆ కార్డు తీసుకెళ్లేవాణ్ణి. దీనికి మాత్రం తీయలేదు. పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లాడని తెలిస్తే పిల్లకి సంబంధాలు రావని ఒక లెక్క. అలాంటి సుస్తీ పిరికివాళ్లకి వస్తుందని ఇంకో నమ్మకం.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఇంటింటికీ సైనికుడున్న ఊరు, మిలటరీ మాధవరం అంటారు. నాతో పనిచేసినవాడొకడిది ఆ ఊరే. వాళ్ల అబ్బాయి పెళ్లికి వెళ్లాను. మండపం బయట ఎవరో కుర్రాళ్లు హఠాత్తుగా టపాకాయల దండ అంటించారు. చుట్టూ వందమంది నవ్వుతూ నిలబడి ఉన్నారు. నేను కుర్చీ వెనక నేల మీద ఉన్నాను. తలెత్తి చూస్తే, కొంచెం దూరంలో, పట్టుపంచె కట్టుకున్న పెళ్లికొడుకు తండ్రి కూడా మోకాళ్ల మీద ఉన్నాడు. ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం. అతను లేచి, పంచె దులుపుకుని, నన్ను పెరట్లోకి తీసుకెళ్లాడు. ‘బావా, నీక్కూడానా?’ అన్నాడు. ఆ ప్రశ్నకి ‘అవును’ అన్నాను. ఆ యుద్ధం గురించి నేను నోరు విప్పి ఆడిన మొదటి నిజం ఆ ఒక్క ముక్క.

అతను అప్పటికే చికిత్స తీసుకుంటున్నాడు. ‘ఇప్పటికీ కిందికి వంగడం ఆగలేదు, కానీ లేవడం వచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్లు’ అన్నాడు. ఆ వారమే మా ఆవిడని తోడు తీసుకుని విజయవాడ వెళ్లాను.

సైకియాట్రిస్టు చేతిలో నా కాగితం పెట్టి, ‘నిద్రమాత్ర రాసివ్వండి చాలు’ అన్నాను. ఆయన నన్ను వదిలి మా ఆవిడని అడిగారు. ఆమె చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. కుక్కరు, గుమ్మం, గట్టు మీద నడక, పిల్ల చెయ్యి, అన్నీ. ఆమెకి అన్నీ తెలుసు. నేను దాచాననుకున్నది ఒక్కటి కూడా దాగలేదు. వినేసి ఆయన, ఇది పిచ్చి కాదు, పిరికితనం అంతకన్నా కాదు, దీనికి పేరుంది, వైద్యం ఉంది అన్నారు. పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, పీటీఎస్‌డీ. చావుని దగ్గరగా చూసినవాళ్లలో కొందరికి ఆ సంఘటన గతంలోకి జారిపోదు. కలల్లో, ఉలికిపాటులో ఇప్పుడే జరుగుతున్నట్టు వస్తుంది. మనిషి దాన్ని గుర్తుచేసే ప్రతిదాన్నీ తప్పించుకోవడం మొదలుపెడతాడు. ఆ తప్పించుకోవడమే రోగాన్ని బతికిస్తుంది. నేను నిబ్బరం అనుకుని ఇన్నేళ్లు చేసింది, దానికి మూడుపూటలా మేత వేయడం.

తర్వాత చదివి తెలుసుకున్నాను. మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్ని షెల్ షాక్ అన్నారు. 1915లో చార్లెస్ మయర్స్ అనే డాక్టరు లాన్సెట్ పత్రికలో ఆ పేరుతో రాశాడు. అదే యుద్ధంలో పారిపోయారనీ పిరికివాళ్లనీ బ్రిటిష్ సైన్యం తన సొంత సైనికుల్ని కాల్చి చంపింది. వాళ్లలో షెల్ షాక్ తగిలినవాళ్లూ ఉన్నారు. అలా చంపిన 306 మందికి 2006లో, తొంభై ఏళ్ల తర్వాత క్షమాభిక్ష ప్రకటించారు. వియత్నాం నుంచి వచ్చిన అమెరికా సైనికుల గోడు విన్నాకే 1980లో పీటీఎస్‌డీ వైద్యగ్రంథాల్లోకి ఎక్కింది. మన భారతంలో ధర్మరాజు యుద్ధం గెలిచాక రాజ్యం వద్దని కూర్చుంటాడు. భీముడూ ద్రౌపదీ నిష్ఠూరమాడతారు. చివరికి ఆయన్ని భీష్ముడి దగ్గరికి తీసుకెళ్తే, అడగాల్సినవన్నీ అడిగి, వినాల్సినవన్నీ వింటాడు. శాంతిపర్వం అంత పొడుగెందుకని చిన్నప్పుడు హరికథ వింటూ అనుకునేవాణ్ణి. అంత మాట్లాడితే గానీ ఆయన సింహాసనం మీద నిలవలేకపోయి ఉంటాడని ఇప్పుడనుకుంటాను.

మొదట మందు మాన్పించారు. ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా సొంతంగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకి రావచ్చు, అందుకని కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉంచి మాన్పించారు. సెర్ట్రలిన్ అనే మాత్ర ఇచ్చారు. అది ఒక్కరోజులో పనిచేయదు, వారాలు పడుతుంది. దానితో ఉలికిపాటు కాస్త తగ్గింది. అసలు పని క్లినికల్ సైకాలజిస్టు గదిలో జరిగింది. ఆవిడ నా కూతురి కంటే ఎన్నో ఏళ్లు పెద్దది కాదు. ‘కళ్లు మూసుకుని, ఆ ఉదయం ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పండి. దేన్నీ వదలొద్దు’ అన్నారు. నా గొంతుని నా ఫోన్‌లోనే రికార్డు చేసి, రోజూ ఇంటి దగ్గర వినమన్నారు.

మర్చిపోవాలనుకున్నదాన్ని రోజూ వినమంటే ఇదేం వైద్యమని అనిపించింది. అప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. ఉప్పెన నీరు కొన్ని రోజుల్లోనే తీసింది గానీ చేలో ఉప్పు ఉండిపోయింది. నాన్న కాలవ నీళ్లు పెట్టి, చేను నిండా నిలగట్టి, ఉప్పు కరిగాక మురుగు కాలవలోకి వదిలేవాడు. మళ్లీ పెట్టి, మళ్లీ వదిలేవాడు. జిప్సం చల్లేవాడు. పై పైన మంచి మట్టి కప్పినవాళ్లకి నారు ఎర్రబారి చచ్చిపోయింది. నాన్న చేను కడిగాడు కాబట్టి పండింది. నేను ఇన్నాళ్లూ మట్టి కప్పుతున్నాను.

మొదటి వారాల్లో నాకు మరింత చెడ్డగా ఉంది. మానేద్దామని రెండుసార్లు బస్సు ఎక్కకుండా తిరిగొచ్చాను. మా ఆవిడ మాట్లాడకుండా సంచి పట్టుకుని వాకిట్లో నిలబడేది. కాలవ గట్టు మీద కూర్చుని చెవిలో నా గొంతు నేనే వినేవాణ్ణి. చెప్పగా చెప్పగా, వినగా వినగా, గుండెదడ నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది. ఒకరోజు చెబుతుంటే సైకాలజిస్టు ఆపి, ‘అప్పుడు రోడ్డు పొడిగా ఉందా, తడిగా ఉందా?’ అని అడిగారు.

నేను నోరు తెరిచి అలాగే ఉండిపోయాను. తడిగా ఉంది. ముందు రాత్రి వాన పడింది. రెయిన్‌కోటు మడిచి వీపు మీద పెట్టుకోవడం గుర్తొచ్చింది, బూట్లకి ఎర్రమట్టి అంటుకోవడం గుర్తొచ్చింది. దారంతా మచ్చలు మచ్చలుగానే ఉంది. రంగు మారిన మట్టి ఆ ఒక్కచోటే కాదు, అడుగడుగునా ఉంది. ప్రతిచోటా ఆగితే ఆ రోజు ఫర్లాంగు కూడా నడవలేం. ఇన్నేళ్లుగా నా కలలో ఆ రోడ్డు ఎండిపోయి ఉంది, దాని మీద ఒక్క మచ్చే ఉంది, ఆ మచ్చ పక్కనుంచి నేను నడిచి పోతున్నాను. నేను చూసింది నిజమే. తెలిసి వదిలేశానన్నది నిజం కాదు. ఆ గదిలో నేను ఏడ్చాను. శ్రీకాకుళం కుర్రాడి కోసం మొట్టమొదటిసారి ఏడ్చింది అప్పుడే. అంతకుముందంతా నా తప్పు కోసమే కుమిలాను గానీ అతని కోసం కాదు.

పెద్దమ్మని ఎవరైనా అలా కూర్చోబెట్టి అడిగి ఉంటే? ఆ నీటి వడికి మనిషి వేసిన ఏ ముడి ఆగుతుంది పెద్దమ్మా అని ఎవరైనా అని ఉంటే? అనవలసినవాణ్ణి నేను. చీర చింపాను.

తర్వాత తప్పించుకున్నవాటన్నిటి దగ్గరికీ ఒక్కొక్కటిగా వెళ్లాలి, అదీ చికిత్సే. మా ఆవిడ అటక మీంచి కుక్కర్ దించింది. గుడ్డ విప్పితే రబ్బరు ఎండి ముక్కలైంది. అవనిగడ్డలో కొత్త రబ్బరు కొనుక్కొచ్చాం. ఆమె బియ్యం కడిగి పెట్టింది, నేను వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాను. ఆవిరి సుయ్యిమంటుంటే చేతులు వణికాయి. ‘కట్టేయనాండీ?’ అంది. వద్దన్నాను. ఈల వేసింది. నా ఒళ్లంతా చెమట. లేవలేదు. రెండోది వేసింది, మూడోది వేసింది. ఆమె మూత తీసి వడ్డిస్తే ఇద్దరం అక్కడే తిన్నాం. ఆమె చేతి మీద పాత బొబ్బల మచ్చలు ఉన్నాయి. వాటి గురించి ఆ రోజు మాట్లాడాను. రోడ్డు మీద కొత్త మట్టి మీదుగా నడవడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. తాటితోపులో ఒంటరిగా కూర్చోవడానికి అంతకన్నా ఎక్కువ.

కూతురికి చెప్పాను. అప్పటికి దాని డిగ్రీ అయిపోయింది. ‘ఆ రోజు నీ చెయ్యి నేనే విరగ్గొట్టానమ్మా, పైగా నీతో అబద్ధం చెప్పించాను’ అన్నాను. కాసేపు నా ముఖంలోకి చూసి, ‘మనింటికి అప్పుడు మెట్లు ఎక్కడున్నాయి నాన్నా?’ అంది. నిజమే. అప్పుడు మాది తాటాకు వసారా ఉన్న ఇల్లు. జానెడు అరుగు తప్ప మెట్టన్నది లేదు. ఊళ్లో అందరికీ తెలుసు. ఏడేళ్ల పిల్లకీ తెలుసు. నా పరువు కోసం అందరూ ఊరుకున్నారు.

పూర్తిగా నయమైందని చెప్పను. కార్తీకంలో తూర్పుగాలి తిరిగితే ఇప్పటికీ నిద్ర చెడుతుంది. దీపావళికి ఇంట్లోనే ఉంటాను గానీ వీధిలోకి రాను. మాత్రలు ఆపింది డాక్టరు ఆపమన్నాకే. మందు ముట్టను. మా ఆవిడ నన్ను చెయ్యి వేసి లేపుతుంది. మొన్నటి మాఘ పౌర్ణమికి చుట్టాలతో కలిసి సంగమంలో స్నానం చేసి, స్వామి కల్యాణం చూసి వచ్చాను.

నాలాంటి మాజీ సైనికులకు ఒక మాట. కీళ్లనొప్పికి తీసే ఈసీహెచ్‌ఎస్ కార్డు దీనికీ పనికొస్తుంది, తీయండి. వాళ్ల భార్యలకు ఒక మాట. మీకు తెలిసినవన్నీ డాక్టరు ముందు చెప్పండి, మీ ఆయన పరువు గురించి ఆలోచించకండి. దివిసీమలోని ప్రతి ఇంటికీ ఇంకో మాట. ఉప్పెనలో మిగిలిన పిల్లలకి ఇప్పుడు యాభై దాటింది, పెద్దవాళ్లు ముసలివాళ్లయ్యారు. గాలి రేగినప్పుడు మీ ఇంట్లో ఎవరైనా వణుకుతూ ఒక మూల కూర్చుంటే తాయెత్తు కట్టకండి, కసురుకోకండి. పక్కన కూర్చుని ఆ రోజు ఏం జరిగిందో అడగండి, చెప్పాలనిపించినంతే చెప్పనివ్వండి, తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. వెళ్లడానికి మొహమాటమైతే 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.